నాడీగాయం తరువాత స్పర్శజ్ఞానం కోలుకోవడంపై వయసు ప్రభావం

మెదడు, వెన్నుపాముల నుండి బయలుదేరి చర్మానికి, కండరాలకు, ఇతర అవయవాలకు వ్యాపించే నాడులను పరిధీయ నాడులు అంటారు. ఇవి తెగినా, నలిగినా తిరిగి పెరగగలవు. మెదడులోను, వెన్నుపాములోను ఉండే నాడీతంతువులకు ఈ శక్తి దాదాపు లేదు. అయితే నాడి తిరిగి పెరగడం వేరు, పోయిన స్పర్శజ్ఞానం తిరిగి రావడం వేరు. మణికట్టు వద్ద నాడి తెగిన ఎనిమిదేళ్ల బాలునికి సకాలంలో శస్త్రచికిత్స జరిగితే కొన్నేళ్లకు స్పర్శ దాదాపు మామూలుగా రావచ్చు. అదే గాయమై, అదే చికిత్స పొందిన నలభై ఏళ్ల వ్యక్తికి జేబులో చేయి పెట్టి, చూడకుండా, తగిలినది నాణెమో తాళంచెవో చెప్పడం జీవితాంతం కష్టం కావచ్చు. వయసు మీరితే నాడులు పెరగవని సాధారణంగా చెప్పుకునే కారణం ఇందులో ఒక భాగం మాత్రమే. నాడిలో వచ్చే వార్ధక్యం ఒకటి, మెదడు నేర్పరితనం తగ్గడం మరొకటి. ఈ రెండూ ఒకే వయసులో మొదలు కావు.

వాడుకలో "నరం" అనే మాటను నాడికీ, రక్తనాళానికీ కూడా ఉపయోగిస్తున్నారు. చేతి మీద నీలంగా ఉబ్బి కనిపించే "నరాలు" సిరలు మాత్రమే. ఈ వ్యాసంలో సందిగ్ధత లేకుండా నాడి అనే మాటనే వాడటం జరిగింది.

జ్ఞాననాడుల నిర్మాణం

నాడి అనేది ఒకే దారం కాదు, వేలాది సన్నని తంతువుల కట్ట. ఒక్కొక్క తంతువు ఒక నాడీకణం నుండి పొడవుగా సాగిన భాగం. దీనిని తంత్రికాక్షం లేదా ఆక్సాన్ అంటారు. చర్మం నుండి సమాచారాన్ని మోసుకుపోయే జ్ఞాననాడీ కణాల దేహాలు వెన్నుపాము ప్రక్కన పృష్ఠమూల నాడీసంధులు అనే చిన్న ముడులలో ఉంటాయి. అంటే వేలి కొనలో స్పర్శను గ్రహించే తంతువుకు ఆధారమైన కణం మెడ దగ్గర ఉంటుంది. తంతువు తెగినప్పుడు మరమ్మతుకు కావలసిన సరుకంతా అంత దూరం నుండి రావలసిందే.

తంతువులను చుట్టి ష్వాన్ కణాలు ఉంటాయి. లావుపాటి తంతువుల చుట్టూ ఇవి మయలిన్ తొడుగును ఏర్పరుస్తాయి. మృదువైన స్పర్శ, కంపనం ఈ లావు తంతువుల ద్వారా వేగంగా ప్రసారమవుతాయి. నొప్పి, వేడి, చల్లదనం సన్నని తంతువుల ద్వారా చేరుతాయి. వేలి కొనల చర్మంలో మైస్నర్ కణికలు, మెర్కెల్ కణాలు మొదలైన గ్రాహకాలు ఉన్నాయి.

గాయం తరువాత జరిగే మార్పులు

ఆంగ్ల వైద్యుడు ఆగస్టస్ వాలర్ 1850లో కప్ప నాలుకకు పోయే నాడులను కత్తిరించి సూక్ష్మదర్శినితో పరిశీలించాడు. కణదేహం నుండి వేరుపడిన తంతుభాగం శిథిలమవుతుందని తెలిపాడు. దీనినే వాలర్ క్షీణత అంటారు. చూడటానికి ఇది నాశనమే కాని నిజానికి పునర్నిర్మాణానికి మొదటి మెట్టు. ష్వాన్ కణాలు తమ మయలిన్‌ను విడిచిపెట్టి, ముందరి అపరిపక్వ స్థితిని పోలిన మరమ్మతు రూపాన్ని దాల్చుతాయి. మాక్రోఫేజ్‌లు అనే భక్షక కణాలు వచ్చి శిథిలాలను తొలగిస్తాయి. తరువాత ష్వాన్ కణాలు బారులు తీరి, కొత్త మొలకకు దారి చూపే గొట్టాల వంటి మార్గాలను ఏర్పరుస్తాయి. పాత పందిరి కూలినా రాటలు నిలిచి ఉంటే తీగ మళ్లీ పాకినట్లు, తెగిన తంతువు కొన నుండి మొలకలు ఈ మార్గాల వెంట సాగుతాయి.

మానవులలో ఈ పెరుగుదల సుమారుగా రోజుకు 1 మిల్లీమీటరు అని లెక్కిస్తారు. పెద్దవారిలో మణికట్టు నుండి వేలి కొన వరకు 18 సెంటీమీటర్లు అనుకుంటే, ఆరంభంలో పట్టే ఆలస్యాన్ని ప్రక్కన పెట్టినా, కనీసం ఆరు నెలలు పడుతుంది. మోచేతి వద్ద తెగితే సంవత్సరం దాటుతుంది. పిల్లల చేయి చిన్నది కనుక దూరమూ తక్కువే. వారు త్వరగా కోలుకోవడానికి ఈ సామాన్యమైన కారణం కూడా ఉందని మరువరాదు.

పెరుగుతున్న తంతువు ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవడానికి నాడి మార్గం మీద వేలితో మెల్లగా తట్టి చూస్తారు. మొలక ఉన్నచోట తట్టినప్పుడు రోగికి ఆ నాడికి చెందిన వేళ్లలో జివ్వుమంటుంది. దీనిని 1915లో ఫ్రాన్సులో జూల్ టినెల్, జర్మనీలో పాల్ హాఫ్‌మన్ వేరువేరుగా ప్రకటించారు. యుద్ధంలో ఎదురెదురు పక్షాలలో ఉన్న ఇద్దరు వైద్యులు ఒకే సంవత్సరంలో ఒకే లక్షణాన్ని గుర్తించడం విశేషం.

గాయాలన్నీ ఒక తీరువి కావు. బ్రిటిష్ శస్త్రవైద్యుడు హెర్బర్ట్ సెడన్ 1940లలో వీటిని మూడు తరగతులుగా విభజించాడు: తంతువు తెగకుండా ప్రసారం మాత్రమే ఆగిపోవడం, లోపలి తంతువులు తెగినా పై తొడుగులు నిలిచి ఉండటం, నాడి పూర్తిగా తెగిపోవడం. మొదటిది వారాలలోనో నెలలలోనో దానంతట అదే నయమవుతుంది. రెండవదానిలో దారి చెడలేదు కనుక తంతువులు తమ పాత స్థానాలకే చేరుకొనే అవకాశం ఎక్కువ. మూడవదానిలో శస్త్రచికిత్స తప్పనిసరి. వయసు ప్రభావం కొట్టవచ్చినట్లు కనిపించేది కూడా ఇక్కడే.

హెన్రీ హెడ్ తనపై చేసుకున్న ప్రయోగం

స్పర్శ ఏ వరుసలో తిరిగి వస్తుందో తెలుసుకోవడానికి లండన్ వైద్యుడు హెన్రీ హెడ్ చేసిన ప్రయోగం వైద్యచరిత్రలో ప్రసిద్ధమైనది. రోగులను ప్రశ్నించి రాబట్టిన వివరాలతో ఆయన తృప్తి చెందలేదు. 1903 ఏప్రిల్ 25న, తన 41వ ఏట, ఎడమ ముంజేతి చర్మానికి పోయే నాడులను మోచేతి దగ్గర తెగ్గోయించుకొని తిరిగి కుట్టించుకున్నాడు. అటుపై నాలుగేళ్లకు పైగా కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో డబ్ల్యు. హెచ్. ఆర్. రివర్స్ ఆ చేతిని పరీక్షించాడు. హెడ్ కళ్లు మూసుకొని తనకు తెలిసినది చెప్పేవాడు, రివర్స్ వ్రాసుకొనేవాడు. ఈ ఫలితాలు 1908లో "బ్రెయిన్" పత్రికలో ప్రచురితమయ్యాయి.

మొదట వచ్చినది మోటు స్పర్శ. సూదితో గుచ్చితే నొప్పి తెలిసేది, కాని గుచ్చినది ఎక్కడో సరిగా తెలిసేది కాదు. బాధ చుట్టూ వ్యాపించి, ఉండవలసిన దానికంటె ఎక్కువ అసహ్యంగా తోచేది. బాగా వేడి, బాగా చల్లన తెలిసేవి, గోరువెచ్చన తెలిసేది కాదు. దూది తాకడం, తాకిన చోటును కచ్చితంగా చెప్పడం, దగ్గర దగ్గరగా ఉన్న రెండు మొనలను వేరుగా గుర్తించడం చాలా ఆలస్యంగా వచ్చాయి. ఈ రెండింటికి రెండు వేరు నాడీవ్యవస్థలు ఉన్నాయని హెడ్ ప్రతిపాదించాడు. విల్‌ఫ్రెడ్ ట్రోటర్, మారిస్టన్ డేవిస్ అనే వైద్యులు తమ నాడులనే కోయించుకొని పరిశీలించి 1909లో ఆ సిద్ధాంతాన్ని ఖండించారు. సిద్ధాంతం నిలవలేదు. కాని రక్షణకు పనికివచ్చే మోటు స్పర్శ ముందుగా, వివేచనాత్మకమైన సున్నిత స్పర్శ ఆలస్యంగా వస్తాయన్న పరిశీలన మాత్రం వైద్యులకు నేటికీ ఉపయోగపడుతున్నది. పెద్దవారిలో చాలామంది ఈ మొదటి దశను దాటి కొంతదూరం వచ్చి అక్కడే ఆగిపోతారు.

వయసుతో నాడిలో వచ్చే మార్పులు

గాయం లేకున్నా వయసుతో జ్ఞాననాడులు కొంత మారుతాయి. ప్రసార వేగం క్రమంగా తగ్గుతుంది. వేలి కొనలలో మైస్నర్ కణికల సాంద్రత తగ్గిపోతుంది. కనుక వృద్ధుని చేతిలో కొత్త తంతువు చర్మం వరకు చేరినా అక్కడ దానికోసం ఎదురుచూసే గ్రాహకాలు మునుపటి సంఖ్యలో ఉండవు.

తంతువుల పెరుగుదల మందగించడానికి కారణం ఏమిటన్న ప్రశ్నకు చాలాకాలం నాడీకణాన్నే వేలెత్తి చూపేవారు. 2014లో హార్వర్డ్ పరిశోధకులు ఎలుకలపై జరిపిన పని ఈ అభిప్రాయాన్ని చాలావరకు మార్చింది. ముసలి ఎలుకల జ్ఞాననాడీ కణాలకు పెరిగే శక్తి అంతగా తగ్గలేదని, లోపం ప్రధానంగా ష్వాన్ కణాలలో ఉందని వారు తెలిపారు. గాయమైన వెంటనే మరమ్మతు రూపం దాల్చవలసిన ఈ కణాలు ముసలి ఎలుకలలో ఆలస్యంగా స్పందిస్తున్నాయి, శిథిలాల తొలగింపు కూడా నెమ్మదిస్తున్నది. లేత ఎలుక నుండి తీసిన నాడి ముక్కను ముసలి ఎలుకలో అతికించినప్పుడు ముసలి తంతువులే దానిలోకి చక్కగా పెరిగాయి. తీగ ముసలిది కాదు, పందిరి శిథిలమైనదన్నమాట.

ష్వాన్ కణాన్ని మరమ్మతు రూపంలో నిలిపి ఉంచడానికి సి-జున్ అనే ప్రొటీను అవసరం. లండన్ యూనివర్సిటీ కాలేజి పరిశోధకులు 2021లో వెలువరించిన ఫలితాల ప్రకారం ముసలి జంతువులలో గాయం తరువాత ఈ ప్రొటీను తగినంతగా పెరగదు. తంతువు చేరక చాలాకాలం ఖాళీగా పడి ఉన్న నాడిలో, వయసుతో నిమిత్తం లేకుండా, ఇది క్రమంగా తగ్గిపోతుంది. వృద్ధులకు ఈ రెండు నష్టాలూ కలిసి వస్తాయి: మరమ్మతు ఆలస్యంగా మొదలవుతుంది, ఆ ఆలస్యం వలన దూరాన ఉన్న మార్గం మరింత పాడవుతుంది. జన్యుమార్పిడితో సి-జున్‌ను పెంచిన ముసలి ఎలుకలలో నాడి పెరుగుదల మెరుగుపడటం ఆశాజనకమైన విషయం. అయితే ఇది చికిత్సగా మారలేదు.

నాడీకణానికి పూర్తి నిర్దోషిత్వం కూడా ఇవ్వలేము. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజి వారు 2022లో "సైన్స్" పత్రికలో ప్రచురించిన పరిశోధనలో, ముసలి ఎలుకల పృష్ఠమూల నాడీసంధులలోకి ఒక రకం టి-లింఫోసైట్‌లు చొరబడి నాడీకణాల పెరుగుదలను అణచివేస్తున్నట్లు గమనించారు. ఆ కణాలను రప్పించే రసాయన సంకేతాన్ని అడ్డుకొన్నప్పుడు పెరుగుదల కొంత తిరిగి వచ్చింది. వార్ధక్యంలో శరీరమంతటా సన్నగా సాగే తాప ప్రతిచర్య నాడులను కూడా విడిచిపెట్టదని దీనివలన తెలుస్తున్నది. ఇవన్నీ ఎలుకలలో చూసిన విషయాలు. మనుషులకు యథాతథంగా అన్వయించరాదు.

మధుమేహం

వయసు మీరినవారిలో మధుమేహం సాధారణం కనుక దానిని విడిగా చెప్పవలసి ఉంది. మిరపకాయకు ఘాటునిచ్చే క్యాప్సైసిన్‌ను చర్మంపై పట్టించి ఉంచితే అక్కడి సన్నని నాడీతంతువుల కొనలు తాత్కాలికంగా క్షీణిస్తాయి. అవి తిరిగి మొలవడాన్ని చిన్న చర్మపు ముక్కలు తీసి లెక్కించవచ్చు. 2004లో ప్రచురితమైన ఇటువంటి పరిశీలనలో, మధుమేహం ఉన్నవారిలో, ఇంకా నాడీవ్యాధి లక్షణాలు కనిపించని వారిలో సహితం, ఈ పునరుత్పత్తి మందగించినట్లు తేలింది. కాబట్టి ఒక వృద్ధునికి స్పర్శ రావడం ఆలస్యమైతే దానిని వయసుకే ఆపాదించి ఊరుకోవడం సరికాదు. రక్తంలో చక్కెరను, విటమిన్ బి12 లోపాన్ని పరీక్షించడం అవసరం.

మెదడు పాత్ర

నాడిని ఎంత నేర్పుగా కుట్టినా వేలాది తంతువులను ఒక్కొక్కటిగా జతపరచడం ఏ శస్త్రవైద్యునికీ సాధ్యం కాదు. తొడుగును మాత్రమే కుట్టగలరు. లోపలి తంతువులు తమకు దొరికిన దారిలో పోతాయి. చూపుడు వేలికి పోవలసినది మధ్యవేలికి చేరవచ్చు, చర్మానికి పోవలసినది కండరంలోకి పోయి వృథా కావచ్చు. తెగిన టెలిఫోను కేబులులోని తీగలను రంగులు చూడకుండా కలిపితే ఒక ఇంటివారు మాట్లాడినప్పుడు ఎక్స్ఛేంజిలో మరొక ఇంటి నంబరు వెలిగినట్లు, చూపుడు వేలు తాకితే మెదడుకు మధ్యవేలు తాకినట్లు తెలుస్తుంది. ఇక మిగిలిన మార్గం ఒక్కటే, ఎక్స్ఛేంజిలోని డైరెక్టరీని తిరగవ్రాయడం. అది మెదడు చేయవలసిన పని.

మెదడులో శరీరపు ప్రతిభాగానికి కేటాయించిన చోటు శాశ్వతం కాదని మైకేల్ మెర్జెనిక్, జాన్ కాస్ మొదలైనవారు 1983లో కోతులపై చేసిన ప్రయోగాలలో చూపారు. చేతిలోని మధ్యస్థ నాడిని కత్తిరించినప్పుడు, మెదడులో ఆ నాడికి చెందిన ప్రదేశాన్ని పొరుగు నాడులు ఆక్రమించుకున్నాయి. నాడిని తిరిగి కుట్టిన కోతులలో ఆ ప్రదేశం తిరిగి వచ్చినా, పటం ముక్కలు ముక్కలుగా, గజిబిజిగా ఏర్పడింది.

మనుషులలో ఈ విషయాన్ని కొలవడానికి ఎక్కువగా వాడినది రెండు మొనల పరీక్ష. వృత్తలేఖిని వంటి పరికరపు రెండు మొనలను వేలి కొనకు తాకించి, ఎంత దూరంలో అవి రెండని తెలుస్తాయో చూస్తారు. ఆరోగ్యవంతుల వేలి కొనలో ఇది సాధారణంగా 2 నుండి 5 మిల్లీమీటర్లు. స్వీడన్ వైద్యుడు లార్స్ ఓన్నె 1962లో నాడిని కుట్టించుకున్న రోగులను పరిశీలించి ఒక విచిత్రమైన సంబంధాన్ని గుర్తించాడు: సుమారు 20 ఏళ్ల వరకు, మిల్లీమీటర్లలో ఈ దూరం ఇంచుమించు రోగి వయసుతో సమానంగా ఉంది. పదేళ్ల పిల్లవానికి 10 మిల్లీమీటర్లు అనుకోవచ్చు. ముప్పై దాటినవారిలో 30 మిల్లీమీటర్లకు మించింది, అంటే పరీక్ష దృష్ట్యా లేనట్లే.

స్వీడన్‌లోని మాల్మో నగరానికి చెందిన గోరన్ లుండ్‌బోర్గ్, బిర్గిట్టా రోజెన్ 2001లో "లాన్సెట్" పత్రికలో ఈ అంశాన్ని మరింత స్పష్టం చేశారు. స్పర్శ వివేచన పదేళ్లలోపు పిల్లలలో ఉత్తమంగా తిరిగి వస్తుంది, కౌమారంలో వేగంగా పడిపోతుంది, ఆ తరువాత దాదాపు సమతలంగా ఉంటుంది. కొత్త దేశానికి వలస వెళ్లినవారు ఏ వయసులో అక్కడి భాషను ఎంత బాగా నేర్చారో చూపే రేఖ కూడా ఇదే ఆకారంలో ఉండటాన్ని వారు ఎత్తి చూపారు. పిల్లలు మరొక రాష్ట్రానికి వెళ్లిన ఏడాదిలోపే అక్కడి భాషను స్థానికుల యాసతో మాట్లాడటం, తల్లిదండ్రులు ఇరవై ఏళ్లున్నా తడబడటం తెలుగువారికి కొత్త విషయం కాదు. నాడి కలిసిన చేయి కూడా మెదడుతో కొత్త భాషలోనే మాట్లాడుతుంది.

ఇది నాడి గొప్పతనమా, మెదడు గొప్పతనమా అన్న సందేహానికి మాల్మో బృందమే తరువాత సమాధానం చెప్పింది. బాల్యంలోను, కౌమారంలోను ముంజేతి నాడులు తెగి కుట్టించుకున్నవారిని సుమారు 30 ఏళ్ల తరువాత పిలిపించి పరీక్షించి, 2013లో ఫలితాలు ప్రకటించారు. 12 ఏళ్లలోపు గాయపడినవారిలో చేతి పనితనం పూర్తి ఫలితంలో 87 శాతం, 12 నుండి 20 ఏళ్ల మధ్య గాయపడినవారిలో 67 శాతం ఉంది. కాని నాడి ప్రసారాన్ని విద్యుత్ పరికరాలతో కొలిచినప్పుడు రెండు వర్గాలలోను లోపాలే కనిపించాయి. చిన్నప్పుడు గాయపడినవారి నాడి ఏమీ మెరుగ్గా లేదు, దానిని అర్థం చేసుకున్న మెదడు మెరుగ్గా ఉంది.

దీనినుండి గ్రహించవలసిన మరొక విషయం, సున్నిత స్పర్శ విషయంలో ఎనిమిదేళ్లకు ఇరవై ఎనిమిదేళ్లకు మధ్య ఉన్న అంతరం, ముప్పైకి అరవైకి మధ్య ఉన్నదానికంటె పెద్దది. అరవై దాటినవారికి శస్త్రచికిత్స దండగ అనే మాట తరచు వినిపిస్తుంది. ఆ మాటకు ఈ పరిశీలనలలో ఆధారం లేదు. వృద్ధులలో కూడా నొప్పి, వేడి తెలిసే రక్షణ స్పర్శను ఆశించవచ్చు. చేయి కాలకుండా, కోసుకోకుండా ఉండటానికి అదే ముఖ్యం.

చికిత్స, శిక్షణ

వయసును మార్చలేము కనుక మార్చగలిగినవి చూడాలి. వాటిలో మొదటిది ఆలస్యం. గాజు పెంకు, కొడవలి, యంత్రపు అంచు వంటి వాటితో మణికట్టు వద్ద లేదా వేలి మీద లోతుగా తెగినప్పుడు రక్తం ఆగి, చర్మానికి కుట్లు పడితే పని అయిపోయిందనుకోరాదు. మత్తు సూది వేయకముందే ఆ వేలి కొనలో స్పర్శ ఉన్నదా అని రెండు ప్రక్కలా పరీక్షించాలి. చిన్న పిల్లలు సరిగా చెప్పలేరు. కొన్ని రోజులైన తరువాత కూడా అనుమానం మిగిలి, పుండు మానితే, చేతిని అరగంటసేపు గోరువెచ్చని నీటిలో ఉంచి చూడవచ్చు. మామూలు వేళ్ల చర్మం ముడుతలు పడుతుంది, నాడి తెగిన వేలు నునుపుగానే ఉండిపోతుంది. ఆ వేలికి చెమట కూడా పట్టదు. వీటిలో ఏది కనిపించినా చేతి శస్త్రచికిత్స తెలిసిన వైద్యునికి చూపించాలి.

శస్త్రచికిత్స ముగిసిన వెంటనే ఒక గంటసేపు నాడికి స్వల్ప విద్యుత్ ప్రేరణ ఇవ్వడం మరొక పద్ధతి. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం వారు 2015లో వేలి నాడులు తెగిన రోగులపై జరిపిన పరీక్షలో ఇది స్పర్శ కోలుకోవడాన్ని మెరుగుపరచినట్లు తెలిపారు. దీని వాడకం ఇంకా పరిమితమే.

పెద్దవారికి అన్నిటికంటె అందుబాటులో ఉన్నది స్పర్శ శిక్షణ. ఇంగ్లండులో విన్ పారీ, అమెరికాలో లీ డెలన్ 1970లలో దీనికి రూపమిచ్చారు. ముందుగా వస్తువును చూస్తూ తాకి, కళ్లు మూసుకొని మళ్లీ తాకి, తెరిచి సరిచూసుకోవాలి. మొదట గరుకు, నునుపు బట్టలు. తరువాత బియ్యం, కందిపప్పు, శనగలు. ఆపై నాణేలు, గుండీలు, తాళంచెవులు. ఒక్కొక్కసారి పది నిమిషాలు, రోజుకు రెండు మూడు సార్లు చాలు, కాని నెలల తరబడి మానకూడదు. మాల్మోవారు మరొక మెళకువ చూపారు: ముంజేతి చర్మానికి తిమ్మిరి లేపనం పూస్తే మెదడులో దాని చోటు కొంతసేపు ఖాళీ అవుతుంది, ఆ సమయంలో వేళ్లకు ఇచ్చే శిక్షణ ఎక్కువ ఫలిస్తుంది. తంతువులు వేళ్లకు చేరకముందే, తాకుతున్న దృశ్యాన్ని చూస్తూ, తాకిన శబ్దాన్ని వింటూ మెదడులోని చేతి చోటును కాపాడే ప్రయత్నాలు కూడా జరుగుతున్నాయి.

మొద్దుబారిన చేతి సంరక్షణ

వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1946లో చేరిన డాక్టరు పాల్ బ్రాండ్, కుష్ఠు రోగుల వేళ్లు అరిగిపోవడానికి ప్రధాన కారణం వ్యాధి నేరుగా తినివేయడం కాదని, స్పర్శ లేని చేతికి తెలియకుండా తగిలే దెబ్బలు, కాలిన గాయాలేనని నిరూపించాడు. నాడి తెగిన ఏ చేతికైనా ఇదే వర్తిస్తుంది. నాడి పెరుగుతున్న నెలలన్నీ ఆ చేయి కాపలా లేని ఇల్లు వంటిది. వృద్ధులకు ఈ కాలం పొడవు, పైగా చూపు కూడా మందగించి ఉండవచ్చు. స్నానపు నీటి వేడిని మంచి చేతితోనే చూడాలి. పెనం, గిన్నెలు గుడ్డతో పట్టుకోవాలి. ఇస్త్రీపెట్టె, వేడినీటి కాపడం ఆ చేతికి దూరంగా ఉంచాలి. చలికాలంలో గాయపడిన వేళ్లు చల్లదనానికి బాధపడటం పెద్దవారిలో సాధారణం కనుక ఉన్ని తొడుగు మంచిది. రోజూ రాత్రి వెలుతురులో చేతిని రెండు వైపులా చూసుకొని, బొబ్బ గాని, గీరుడు గాని ఉంటే నొప్పి లేదని వదిలివేయకుండా వెంటనే కట్టు కట్టుకోవాలి.